కనుమ నుంచి వెనక్కి

కరపత్రం, శుభలేఖ, గుడి ఉత్సవానికి వేసే చిన్న పుస్తకం, బడి వార్షికోత్సవ సంచిక, ఇలా ఏదో ఒకటి అచ్చువేయించని ఇల్లు మన కోనసీమలో అరుదు. ఆ పని మొదలయ్యే తీరు మాత్రం అమలాపురంలోనైనా రాజోలులోనైనా కొత్తపేటలోనైనా ఇంచుమించు ఒకటే. నలుగురు కలిసి డీటీపీ సెంటరుకు వెళ్తారు. కంప్యూటరు పక్కన కుర్చీలు వేసుకుంటారు. ఆ పేరు పెద్దది చెయ్యమని, ఈ రంగు మార్చమని, పైన దేవుడి బొమ్మ పెట్టమని చెబుతూ తెర మీద రూపం కడుతుంటే ముచ్చటపడతారు. పని అక్కడ మొదలైందని, ఆ రూపం కుదిరితే దాదాపు అయిపోయిందని అనుకుంటారు. ఈ ప్రసంగంలో నేను వాదించదలచినది దీనికి ఎదురుమాట. ఆ కాగితం ఏ రోజున, ఎక్కడ, ఎవరి చేతిలో పడాలో తేల్చుకున్నప్పుడే అచ్చుపని మొదలవుతుంది. అక్కడి నుంచి ఒక్కొక్క అడుగే వెనక్కి వేసుకుంటూ ఈ రోజు దాకా రావాలి. ఇది మనకు తెలియని పద్ధతి కాదు. పెళ్ళి తలపెట్టిన ఇంట్లో మొదట ముహూర్తం పెట్టిస్తారు. ఆ తరవాతే పందిరి ఎప్పుడు వెయ్యాలి, బట్టలు ఎప్పుడు కొనాలి, సున్నాలు ఎప్పుడు వేయించాలి అన్న లెక్క వస్తుంది. పందిరి వేసేశాం కదా, ఇక ముహూర్తం చూద్దాం అనేవాళ్ళు లేరు. పెళ్ళికి పాటించే ఈ క్రమాన్ని ఆ పెళ్ళి శుభలేఖకు మాత్రం పాటించం.

మాట గాలిలో ఉండకుండా ఒక పని ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం. ఏటా కనుమ నాడు అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. వ్యాఘ్రేశ్వరం, కె.పెదపూడి, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం, పుల్లేటికుర్రు, ఇంకా మొసలపల్లి, ఈ 11 ఊళ్ళ శివుళ్ళు వెదురుతో కట్టి గుడ్డలతో, పూలతో అలంకరించిన ప్రభల మీద ఆ కొబ్బరితోటకు వచ్చి కొలువుతీరతారు. అక్కడ గుడి లేదు. దేవుళ్ళే కలుసుకునే చోటు అది. 2023 జనవరి 26న ఢిల్లీ కర్తవ్యపథంలో మన రాష్ట్రం నడిపిన శకటం ఈ ప్రభల తీర్థానిదే. దూరం నుంచి వచ్చేవాళ్ళు ఏ ప్రభ ఏ ఊరిదో, ఎందుకు వస్తుందో తెలుసుకునేందుకు చేతిలో ఇమిడే 64 పేజీల పుస్తకం ఒకటి, 1000 ప్రతులు, కనుమ నాటికి వెయ్యాలని ఒక ఊరివాళ్ళు తలపెట్టారనుకుందాం. ఈ ఊహ మీదే నా వాదన అంతా నడుస్తుంది.

కనుమ జనవరి 15నో 16నో వస్తుంది. 16 అనుకుందాం. ఆ రోజు పొద్దున పుస్తకాలు తోటలో ఉండాలంటే భోగికి ముందే, అంటే 12 నాటికి ఊళ్ళోకి చేరాలి. పండగ మూడు రోజులూ ఆటో దొరకదు, మనిషీ దొరకడు. 12న చేరాలంటే బైండింగు 9కో 10కో పూర్తవ్వాలి. అంటే అచ్చు జనవరి మొదటి వారంలో ముగియాలి. ప్లేట్లు, చివరి ప్రూఫు డిసెంబరు ఆఖరుకు తెమలాలి. ఇక్కడ ప్రెస్సుల సంగతి కూడా తెలిసి ఉండాలి. డిసెంబరు నెలంతా ప్రెస్సులకు క్యాలెండర్లు, డైరీల ఒత్తిడి. ధనుర్మాసంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి శుభలేఖల పని కొంత తెరిపిన పడుతుంది గాని, సంక్రాంతి దాటగానే మాఘమాసపు ముహూర్తాలు తోసుకొస్తాయి. ఆ మాఘంలోనే అంతర్వేది నరసింహస్వామి కల్యాణం. ఆ కార్డులు, ఆ కరపత్రాలు వేయించుకునేవాళ్ళు పండగకు ముందే ప్రెస్సు గుమ్మంలో నిలబడతారు. మన పుస్తకం ఈ రెండు రద్దీల మధ్య ఉన్న సందులోంచి బయటపడాలి. కాబట్టి పేజీలు డిసెంబరు నడుమకు తయారవ్వాలి, పేజీలు పెట్టేందుకు మేటరు కార్తీకం నాటికి ఖాయం కావాలి, మేటరు రాసేందుకు దసరా నుంచి కూర్చోవాలి, పెద్దవాళ్ళను అడిగి వివరాలు సేకరించే తిరుగుడు అంతకు ముందు ఎండాకాలంలో జరగాలి. ఇప్పుడు ఇంకొక్క అడుగు వెనక్కి వెయ్యండి. పుస్తకంలో 11 ప్రభల ఫోటోలు కావాలి. ప్రభలు కనబడేది ఏడాదికి ఒక్కసారి. అంటే వచ్చే కనుమ నాటి పుస్తకానికి ఫోటోలు ఈ కనుమ నాడే తీసి ఉండాలి. తెర ముందు కూర్చుని పని మొదలుపెట్టినవాళ్ళకు ఈ సంగతి నవంబరులో గుర్తొస్తుంది. అప్పుడు ఎవరి ఫోనులోనో ఉన్న, మసకబారిన, సగం తలలు అడ్డొచ్చిన ఫోటోల కోసం వెతుకులాట మొదలవుతుంది. చివరి నుంచి లెక్కపెట్టినవాళ్ళకు ఇది ఏడాది ముందే తెలుస్తుంది. నా వాదనకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం నాకు కనబడలేదు: ఏడాది పొడుగునా ఉన్న పనిని మొదటి నుంచి చూస్తే మూడు వారాల పనిలా కనిపిస్తుంది.

రోజు తేలింది, ఇక చెయ్యి ఎవరిదో చూడాలి. తోటలో జనం మధ్య నిలబడి, ఒక చేత్తో పిల్లవాణ్ణి పట్టుకుని, ఇంకో చేత్తో పుస్తకం తిప్పే మనిషిని ఊహించుకోండి. వెలుతురు ఎండదైనా కావచ్చు, పొద్దువాలేదైనా కావచ్చు. అరవై దాటిన కళ్ళు కావచ్చు. ఈ ఒక్క ఊహ చాలా నిర్ణయాలను దానంతట అదే చేసిపెడుతుంది. పెద్ద సైజు పుస్తకం ఈ చేతికి పనికిరాదు. మన తెలుగు పుస్తకాలకు బాగా అలవాటైన 1/8 డెమ్మీ సరిపోతుంది. అది 18 అంగుళాలు, 23 అంగుళాల డెమ్మీ షీటును మడిచి కోస్తే వచ్చేది, సుమారు అయిదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు. ఒక షీటుకు రెండు వైపులా కలిపి 16 పేజీలు, దాన్నే ఫారం అంటారు. 64 పేజీలంటే సరిగ్గా 4 ఫారాలు. 1000 ప్రతులకు 4000 షీట్లు, 8 రీములు, తరుగుకు పైన కాస్త. అదే మనసుకు తోచినట్టు రాసుకుంటూ పోయి 70 పేజీలు తేలితే, ఆ 6 పేజీల కోసం అయిదో ఫారం ఎక్కించాలి, కాగితం వృథా, లేదా చివర్లో ఖాళీ పేజీలు. పేజీల లెక్క ముందే తెలిస్తే రచయిత ఎంత రాయాలో తెలుస్తుంది, ఏ ఊరికి ఎన్ని పేజీలో తెలుస్తుంది. 11 ఊళ్ళకు తలా 4 పేజీలంటే 44, మిగిలిన 20 పేజీల్లో పరిచయం, దారి చెప్పే పటం, కనుమ ఆచారాలు, కృతజ్ఞతలు. అప్పుడు ఏ ఊరివాళ్ళకూ మా దేవుడికి తక్కువ చోటిచ్చారన్న మాట రాదు. కాగితం 70 జీఎస్ఎం మ్యాప్‌లితో అయితే ఒక్కో పుస్తకం అట్టతో కలిపి 80 గ్రాముల పైచిలుకు తూగుతుంది, వెయ్యి కలిపితే 80 కిలోలు దాటుతుంది. ఆ బరువు ఎవరి ఆటోలో వస్తుంది, ఎవరి ఇంట్లో దిగుతుంది అన్నది కూడా పథకంలో భాగమే.

ఇక మేటరు. అచ్చుపనిలో డబ్బూ కాలమూ పోయేది ఎక్కువగా ఇక్కడే కాబట్టి దీని మీద కొంచెం నిదానంగా మాట్లాడతాను. మన పుస్తకంలో చెన్నమల్లేశ్వరుడనే పేరు ఒకటి కంటే ఎక్కువ ఊళ్ళకు వస్తుంది. వ్యాఘ్రేశ్వరంలో వ్యాఘ్రేశ్వరుడు, పుల్లేటికుర్రులో అభినవ వ్యాఘ్రేశ్వరుడు. గంగలకుర్రు ఒకటి, గంగలకుర్రు అగ్రహారం మరొకటి. ఫోటో కింద ఒక్క మాట తారుమారైతే ఒక ఊరి దేవుడు ఇంకో ఊరికి పోతాడు. మొసలపల్లి అనేవాళ్ళున్నారు, మోసలపల్లి అని రాసేవాళ్ళున్నారు. వీటిలో ఏది వాడాలో ఎవరో ఒకరు నిర్ణయించి, కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని అందరికీ ఇవ్వాలి. 11 ఊళ్ళ పెద్దలూ తమ తమ పేజీలు చదివి సరే అన్న తరవాతే మేటరు డీటీపీకి వెళ్ళాలి. ఇది చాదస్తం కాదు. తెలుగు పుస్తకం గౌరవంగా అచ్చయిన తొలి రోజుల నుంచి ఉన్న క్రమం ఇదే. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో పండితులను కూర్చోబెట్టి, ఒకే కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించి, పాఠాలు పోల్చి, శుద్ధప్రతి రాయించాడు. ఆయన పనిలో హెచ్చుభాగం జీతాలిచ్చి చేయించిన ఈ రాతపనే. ప్రెస్సు ఆ తరవాత వచ్చింది. అందుకే 1852లో వెలువడిన ఆయన తెలుగు నిఘంటువు ఇప్పటికీ మన బల్లల మీద ఉంది. మనం ఇందుకు సరిగ్గా తిరగేసి చేస్తున్నాం. ముందు పేజీ పెట్టించి, ఆ పేజీ మీద మేటరు రాసుకుంటున్నాం. అక్షరాలు కదిలినకొద్దీ పేజీ కదులుతుంది, పేజీ కదిలినకొద్దీ కొత్త తప్పు పుడుతుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల.

మేటరు ఖాయమైనా తప్పులు కొత్తగా పుట్టే చోటు ఇంకొకటుంది. ఇప్పుడు మేటరంతా ఫోనులో యూనికోడులో టైపవుతోంది. తెలుగుకు యూనికోడులో చోటు 1991 నాటి మొదటి రూపంలోనే దక్కింది. కాని మన డీటీపీ సెంటర్లలో చాలాచోట్ల నేటికీ అను ఫాంట్లతోనే పేజీలు పెడతారు. అవి యూనికోడు కాదు. ఒకదాని నుంచి ఇంకోదానికి మేటరును మార్చేటప్పుడు ఒత్తులు జారతాయి, పొల్లులు తప్పుతాయి, అంకెలూ గుర్తులూ మారిపోతాయి. గంగలకుర్రు, పుల్లేటికుర్రు, వ్యాఘ్రేశ్వరం, ఈ పేర్లలో ఎన్ని ఒత్తులున్నాయో చూడండి. అందుకని ఫోనులో చదివి అంతా బాగుందని తృప్తిపడితే కుదరదు. మార్పిడి అయ్యాక, పేజీలో కూర్చున్నాక, కాగితం మీద తీసిన ప్రూఫును మళ్ళీ మొదటి అక్షరం నుంచి చదవాలి. రాసినవాడు కాక వేరే మనిషి చదవాలి. రాసినవాడి కన్ను తన తప్పును దాటిపోతుంది, అది కంటి స్వభావం. ఇద్దరు కూర్చుని ఒకరు మూలప్రతి పైకి చదువుతూ ఉంటే ఇంకొకరు ప్రూఫు చూడడం పాత పద్ధతి. తప్పులు పట్టడానికి దానికి సాటి వచ్చేది లేదు. పెద్ద అక్షరాల్లో ఉన్న పేరూ తేదీ ఫోను నంబరూ ముందు చూడాలి. పెద్ద అక్షరాల్లో తప్పు ఉండదన్న నమ్మకంతోనే అందరూ వాటిని చూడరు.

తెలుగు అక్షరం గురించి ఒక మాట అనకుండా ముందుకు పోలేను. మన లిపికి పైన గుణింతం, కింద ఒత్తు, అప్పుడప్పుడు ఒత్తు కింద ఇంకో ఒత్తు. అందువల్ల వరసకూ వరసకూ మధ్య రోమన్ లిపి కంటే ఎక్కువ ఎడం కావాలి. ఇంగ్లీషు పుస్తకపు కొలతను తెచ్చి తెలుగు మీద పెడితే పై వరస ఒత్తు కింది వరస తలకట్టుకు తగులుతుంది. ఇంకో సంగతి, మ్యాప్‌లితో కాగితం సిరాను పీలుస్తుంది. సిరా చుక్క కాగితం మీద కాస్త వెడల్పవుతుంది. మరీ చిన్న సైజులో వేసిన భ, ఘ, క్ష లాంటి అక్షరాల కడుపులు అప్పుడు పూడుకుపోతాయి. తెర మీద ఇది కనబడదు. అలాగే నల్లటి నేల మీద తెల్ల అక్షరాలు చూపుకు ఎంత బాగున్నా, ఆ నలుపును నాలుగు రంగులతో కలిపి వేస్తే ప్లేట్లు ఒక వెంట్రుకవాసి తప్పినా సన్నని ఒత్తు రంగులో మునిగిపోతుంది. పెద్దవాళ్ళ కళ్ళ కోసం వేసే పుస్తకంలో చదవాల్సిన మేటరంతా తెల్ల కాగితం మీద ఒక్క నలుపు సిరాతో ఉండడమే మేలని నా గట్టి అభిప్రాయం. ఫాంటుకు కరువు లేదు. పోతన ఉంది. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర వంటివి ఎవరైనా ఉచితంగా వాడుకునేలా ఉన్నాయి. అవి యూనికోడువే కాబట్టి వాటితో పేజీ పెట్టగలిగే చోటు దొరికితే ఇందాక చెప్పిన మార్పిడి బెడదే ఉండదు. రెండు ఫాంట్లు చాలు, శీర్షికకు ఒకటి, మేటరుకు ఒకటి. పేజీకి అయిదు రకాలు పెట్టిన పుస్తకంలో అక్షరాలు ఒకదానితో ఒకటి తగవులాడుకుంటాయి.

ఫోటోల విషయం త్వరగా చెబుతాను. అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు ఉండాలన్నది అందరూ అంగీకరించిన కొలత. మన పుస్తకం వెడల్పు అయిదున్నర అంగుళాలు, అంటే పేజీ నిండుగా వెయ్యాలంటే అడ్డంగా 1650 చుక్కలు, కటింగుకు చుట్టూ వదలాల్సిన మూడు మిల్లీమీటర్లు కలుపుకుంటే ఇంకా ఎక్కువ. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుంచించుకుపోయి వస్తుంది. డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది. రంగులదీ ఇలాంటి పేచీయే. తెర మీద రంగు వెలుతురుతో పుడుతుంది, కాగితం మీద సిరాతో. కనుమ నాటి వరిచేల పచ్చదనం, కొబ్బరాకుల నిగనిగ, ప్రభకు చుట్టిన కాషాయపు గుడ్డ మెరుపు నాలుగు సిరాల్లోకి దిగేసరికి కాస్త చప్పబడతాయి. అది ప్రెస్సువాళ్ళ తప్పు కాదు. కనీసం అట్ట వరకైనా ప్రూఫు తీయించి, పగటి వెలుతురులో చూసి ఒప్పుకోవాలి.

ఇంత చెప్పాక నాలుగు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది, ఈ రోజుల్లో పుస్తకం ఎందుకు, ఫోనులో పంపితే క్షణంలో లక్షమందికి చేరుతుంది కదా అని. చేరుతుంది, నిజమే. కాని చేరినది నిలవదు. కనుమ నాటి సందేశం ముక్కనుమ నాటికి వందల సందేశాల కింద పడిపోతుంది. వేల జనం ఒక్కచోట చేరినప్పుడు ఫోను సిగ్నలు ఎంతవరకు అందుతుందో తీర్థాలకు వెళ్ళేవాళ్ళందరికీ తెలుసు. పైగా ఫోనులో తప్పు పడితే సరిచేసి మళ్ళీ పంపవచ్చు. అచ్చులో పడితే వెయ్యి ప్రతుల్లో పడుతుంది. అచ్చుకు పథకం కావాలనడానికి కారణం కూడా ఇదే. దిద్దుకునే వీలు లేని చోట ముందుగా ఆలోచించడం తప్పదు. రెండూ ఉండనివ్వండి. అట్ట వెనక ఒక క్యూఆర్ కోడు పెడితే పుస్తకంలో పట్టని ఫోటోలు ఫోనులో చూసుకుంటారు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. ఇప్పుడు డిజిటల్ ప్రెస్సులొచ్చాయి, పొద్దున ఇస్తే సాయంత్రానికి ఇస్తారు, ఏడాది ముందు నుంచి లెక్కలెందుకు అంటారు. 50 ప్రతులైతే ఈ మాట పూర్తిగా నిజం. డిజిటల్‌లో ప్లేట్లు ఉండవు, కాబట్టి తొలి ప్రతికీ ఆఖరి ప్రతికీ ఖర్చు ఒకటే. ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చు 100 ప్రతులకైనా 1000 ప్రతులకైనా అదే కాబట్టి, సంఖ్య పెరిగినకొద్దీ ఒక్కో పుస్తకం ధర దిగుతుంది. వెయ్యి ప్రతులు, అందులో చాలా పేజీలు ఒకే రంగువి అంటే ఆఫ్‌సెట్టే చౌక. ఏ దారి ఎంచుకోవాలో తెలియాలంటే ఎన్ని ప్రతులు, ఎన్ని రంగు పేజీలు అన్నది ముందు తెలిసి ఉండాలి, అంటే మళ్ళీ పథకమే. అదీగాక డిజిటల్ మిషను వేగం అచ్చును తొందర చేస్తుంది గాని, నేదునూరు పెద్దలు తమ పేజీ చదివి సరే అనే రోజును తొందర చెయ్యలేదు. పోయిన కనుమ నాటి ఫోటోను ఏ మిషనూ తీసుకురాలేదు. అచ్చుపనిలో ఆలస్యమయ్యేది మిషను దగ్గర కాదు, మనుషుల దగ్గర.

మూడోది కళాకారుల మాట. ముందే కొలతలు, పేజీలు, రోజులు బిగించేస్తే బొమ్మలు గీసేవాడికి, రూపం కట్టేవాడికి స్వేచ్ఛ ఏముంటుంది అని. రాజోలు వైపు నుంచి వశిష్ఠ దాటితే వచ్చే నరసాపురంలో 1933లో పుట్టిన బాపు గారిని తలచుకుందాం. తెలుగువాళ్ళ కళ్ళకు కొత్త గీతను, కొత్త అక్షరాన్ని అలవాటు చేసిన మనిషి ఆయన. ఆయన చేతిరాత ఇవాళ కంప్యూటరు ఫాంటుగా మన శుభలేఖల మీద తిరుగుతోంది. ఆ బొమ్మల్లో ఎక్కువ భాగం పత్రికల కథలకు, పుస్తకాల అట్టలకు వేసినవి. కథ ఎంత, పేజీలో బొమ్మకు మిగిలిన చోటు ఎంత, పత్రిక ఏ రోజు వెలువడుతుంది అన్న కట్టుబాట్ల లోపల పుట్టినవి. చోటు ఎంతో తెలిస్తే గీత దానికి తగ్గట్టు ఒదుగుతుంది. కళాకారుడి చేతిని నిజంగా కట్టేసేది ఆఖరి రాత్రి వచ్చి, మేటరు పెరిగింది, బొమ్మ చిన్నది చెయ్యండి అనే మాట. అతనికి నిండుగా రెండు వారాలు ఇవ్వగలిగేది పథకం ఉన్నవాళ్ళే.

నాలుగోది అభ్యంతరం కంటే అలవాటు అనాలి. అంతా ప్రెస్సువాళ్ళే చూసుకుంటారులే అనడం. వాళ్ళు ఎంతో చూసుకుంటారు. మన అజాగ్రత్తలను రాత్రుళ్ళు మేల్కొని సర్దుతారు. కాని ఏ దేవుడు ఏ ఊరివాడో, ఏ పెద్దమనిషి పేరుకు ముందు ఏ గౌరవవాచకం ఉండాలో వాళ్ళకు ఎలా తెలుస్తుంది? వాళ్ళ నుంచి మనకు కావాల్సింది స్పష్టమైన కొటేషను. అది రావాలంటే మనం అడిగేది స్పష్టంగా ఉండాలి: సైజు, పేజీలు, ప్రతులు, లోపలి కాగితం, అట్ట కాగితం, ఎన్ని రంగులు, లామినేషను ఉందా లేదా, సెంటర్ పిన్నా పర్ఫెక్ట్ బైండింగా, ఏ తేదీకి, ఎక్కడికి. 64 పేజీలకు సెంటర్ పిన్ చాలు, పుస్తకం చేతిలో బాగా విచ్చుకుంటుంది. ఈ వివరాలన్నీ ఒకే కాగితం మీద రాసి అమలాపురంలో ఒక ప్రెస్సుకు, అరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న రాజమహేంద్రవరంలో ఒక ప్రెస్సుకు ఇస్తే వచ్చే ధరలు పోల్చదగినవిగా ఉంటాయి. అదేమీ రాయకుండా పుస్తకం వెయ్యడానికి ఎంతవుతుందని అడిగితే వచ్చే అంకెలకు అర్థం లేదు. డబ్బు లెక్కలోనే తరుగుకు, రెండో ప్రూఫుకు, రవాణాకు కొంత పక్కన పెట్టాలి. పని బాధ్యత ఒక్క మనిషి మీద ఉండాలి. 11 ఊళ్ళ వాళ్ళూ సలహాలివ్వచ్చు గాని, ప్రెస్సుకు ఫోను చేసి మార్పు చెప్పే హక్కు ఒక్కరికే ఉండాలి. లేకపోతే ముక్కామల వాళ్ళు చెప్పిన మార్పును పాలగుమ్మి వాళ్ళు తీసేయిస్తారు.

ఇల్లు అలకగానే పండగ కాదు. అచ్చు ముగిసి పుస్తకాలు వచ్చాయనగానే పని అయిపోదు. మనది నదీపాయల మధ్య నేల, గాలిలో తేమ ఎక్కువ. కాగితం తేమను పీల్చి వంకర తిరుగుతుంది. కట్టలను నేల మీద కాక చెక్కల మీద, గోడకు తగలకుండా పెట్టాలి. మిగిలిన ప్రతులు ఉంటే ఆషాఢ శ్రావణాల్లో గోదావరి పొంగే రోజులకు ముందే మేడ మీదకు చేర్చాలి. దేశంలో ప్రచురించిన ప్రతి పుస్తకాన్నీ 30 రోజుల్లోగా కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి, మరికొన్ని నిర్దేశిత గ్రంథాలయాలకు పంపాలని 1954 నాటి చట్టం చెబుతోంది. ఊరి పుస్తకాలు వేసేవాళ్ళలో చాలామంది ఇది పట్టించుకోరు. కొన్నాళ్ళకు ఆ పుస్తకం జాడే ఉండదు. చట్టం అడిగినా అడగకపోయినా రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయానికి ఒక ప్రతి, మన ఊరి శాఖా గ్రంథాలయానికి ఒక ప్రతి, 11 ఊళ్ళ బడులకు తలా ఒకటి అని జాబితా ముందే రాసుకుని, ఆ సంఖ్యను 1000లో కలుపుకోవాలి.

ఇంకొకటి దాచాలి, అది పుస్తకం కన్నా విలువైనది. పేజీలు పెట్టిన అసలు ఫైలు, ఫాంట్లు, తగ్గించని ఫోటోలు, ఖాయమైన మేటరు. ప్రెస్సువాళ్ళకు మనం ఇచ్చే పీడీఎఫ్‌లో ఇవేవీ దిద్దుకునే రూపంలో ఉండవు. ఇవి దాచడం ఎందుకో ఒక పాత సంగతి చెబుతుంది. 1812 మార్చి 11న బెంగాలులోని సెరంపూరులో మిషనరీల ప్రెస్సు తగలబడింది. ఎన్నో భారతీయ భాషల అచ్చు అక్షరాలు కరిగిపోయాయి, రాతప్రతులు బూడిదయ్యాయి. అయితే అక్షరాలు పోతపోసే మూసలు శిథిలాల్లో చెడకుండా దొరికాయి. ఆ మూసలతో కొన్ని నెలల్లోనే కొత్త అక్షరాలు పోసుకున్నారు. అదే ప్రెస్సు నుంచి 1818లో తెలుగు బైబిలు కొత్త నిబంధన వెలువడింది. బూడిదైన రాతప్రతులు మాత్రం తిరిగి రాలేదు, వాటిని మళ్ళీ రాసుకోవాల్సి వచ్చింది. మన పుస్తకానికి మూస ఆ ఫైలే. అది ఒక డీటీపీ సెంటరు కంప్యూటరులో మాత్రమే ఉంటే, ఆ కంప్యూటరు మార్చిన రోజున మళ్ళీ మొదటి నుంచి కంపోజింగు మొదలు. రెండు చోట్ల, ఇద్దరి దగ్గర ఉండాలి.

ఇక ఈ లెక్కను మొదలుపెట్టాల్సిన చోటికి వద్దాం. వచ్చే కనుమ నాడు జగ్గన్నతోటకు కెమెరా పట్టుకుని వెళ్ళే మనిషి చేతిలో ఒక కాగితం ఉండాలి. 11 ఊళ్ళ పేర్లు, ఒక్కొక్క దానికి ఎదురుగా మూడు గళ్ళు: ఊళ్ళో ప్రభను ఎత్తుతున్నప్పుడు నిలువు ఫోటో ఒకటి, దారిలో అడ్డంగా ఒకటి, తోటలో కొలువుతీరాక దగ్గరగా ఒకటి. గంగలకుర్రు, అగ్రహారం ప్రభలు కౌశిక నది నీళ్ళు దాటేటప్పుడు ఇంకొకటి, ఎదురు ఒడ్డు నుంచి, పొద్దు వెనక లేకుండా. ఒక్కరి వల్ల కాదు, కనీసం ముగ్గురు కావాలి. తీసిన రాత్రే ప్రతి ఫోటోకూ ఊరి పేరు రాసి దాచాలి.